హైస్కూలు టీచరు కావాలంటే: 0.4 మార్కుతో ఉద్యోగం పోగొట్టుకున్న నా లెక్కలు

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు పుత్తూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, టెట్‌లో 81 వచ్చాయి! బీసీలకు 75 దాటితే పాసే కదా. ఇంక టెట్ పుస్తకాలు కట్టేసి డీఎస్సీకి కూర్చుంటా" అంది. టెట్ అంటే టీచరు అర్హత పరీక్ష, డీఎస్సీ అంటే ప్రభుత్వ టీచరు పోస్టులకు పెట్టే పోటీ పరీక్ష. అంత సంతోషంగా ఉన్న పిల్ల దగ్గర వంకలు పెట్టడమెందుకని "మంచిది మే" అని ఫోన్ పెట్టేశాను. రాత్రి పడుకున్నాక మనసు ఊరుకోలేదు. 2018లో నేను కూడా అచ్చంగా ఇట్లాగే టెట్ పుస్తకాలు అటక మీద పడేశాను. పొద్దున్నే లేచి తిరిగి ఫోన్ చేసి, "టెట్ మళ్లీ రాయి" అన్నాను. ఎందుకు అనేది ఫోన్‌లో చెప్తే అరగంటకు తెమిలేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆ పిల్లలాంటి వాళ్లు ఇంకొందరు ఉంటారు కదా.

నేను ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచరు) ఫిజికల్ సైన్స్‌కి సెలెక్టయ్యాను. ఇప్పుడు పలమనేరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. అంతకుముందు 2018 డీఎస్సీలో 0.4 మార్కుతో పోయింది. ఆ రెండిటి నడుమ ఏడేళ్లు తిరుపతిలో ప్రైవేటు స్కూళ్లలో చెప్పాను. పెళ్లయింది, కొడుకు పుట్టాడు. కాబట్టి ఇది టాపరు చెప్పే మాట కాదు, ఒకసారి పడి లేచిన మనిషి లెక్క.

ముందు ఏ కాగితం దేనికో తెలుసుకోండి

కొన్ని దేశాల్లో టీచర్లకు లైసెన్స్ అని విడిగా ఇస్తారు. మన దగ్గర ఆ పేరుతో కాగితం లేదు కానీ ఆ పని చేసేవి రెండున్నాయి. ఒకటి బీఈడీ పట్టా, రెండోది టెట్ మార్కుల మెమో. 2010 ఆగస్టు 23న ఎన్‌సీటీఈ (టీచర్ల చదువుకు నియమాలు పెట్టే జాతీయ మండలి) ఇచ్చిన నోటిఫికేషన్‌తో 1 నుంచి 8 తరగతులకు చెప్పేవాళ్లకు టెట్ తప్పనిసరైంది. హైస్కూల్లో మనం 6 నుంచి 10 దాకా చెప్తాం కాబట్టి మనకూ తప్పదు. డీఎస్సీ అనేది మూడోది. అది అర్హత కాదు, ఉన్న పోస్టులకు పోటీ. ఈ మూడింటినీ కలగలిపి "టీచరు పరీక్ష" అనేస్తారు మన ఊళ్లలో. అక్కడే సగం మంది దారి తప్పుతారు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. బీఈడీ చేస్తే చిన్న తరగతులకూ, పెద్ద తరగతులకూ రెండిటికీ పనికొస్తుందని ఇంకా కొందరు అనుకుంటున్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రైమరీ పోస్టులకు బీఈడీ చెల్లదు. చిన్నపిల్లలకు చెప్పాలని ఉంటే ఇంటర్ తర్వాత డీఈడీ చేయాలి, మన వైపు కార్వేటినగరంలో డైట్ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉండేది అందుకే. హైస్కూలే కావాలంటే డిగ్రీ, ఆ పైన బీఈడీ.

టెట్ ఇప్పుడు కొత్తవాళ్ల గొడవ మాత్రమే కాదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని చెప్పింది. మా స్టాఫ్‌రూములో ఇరవై ఏళ్లుగా చెప్తున్న లెక్కల సారు నా శిశు వికాసం నోట్సు జిరాక్స్ తీయించుకుని, "ఏందమ్మా ఈ వైగోట్‌స్కీ, నోరు తిరగదు" అని రోజూ నవ్వుకుంటున్నారు.

బీఈడీ: హాజరు లేకుండా పట్టా ఇస్తామంటే నమ్మొద్దు

బీఈడీలో చేరడానికి ఎడ్‌సెట్ రాయాలి. 150 ప్రశ్నలు, 2 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో 100 మన మెథడాలజీ సబ్జెక్టు, అంటే రేపు చెప్పబోయే సబ్జెక్టు మీదే. మిగతావి 25 ఇంగ్లీషు, 15 జీకే, 10 టీచింగ్ ఆప్టిట్యూడ్. ఫిజికల్ సైన్స్ వాళ్లకు ఆ నూరులో ఫిజిక్స్ సగం, కెమిస్ట్రీ సగం. డిగ్రీ పుస్తకాలు అమ్మేయకుండా ఉంటే చాలు, ఈ పరీక్షకు భయపడాల్సింది లేదు. మెథడాలజీ ఎంచుకునేటప్పుడు మాత్రం నిదానించండి. మీరు ఏ మెథడాలజీలో బీఈడీ చేస్తారో ఆ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకే పోటీ పడతారు. సీటు దొరికింది కదా అని ఏదో ఒకటి పట్టుకున్నవాళ్లు నోటిఫికేషన్ రోజున తల పట్టుకోవడం కళ్లారా చూశాను.

మాది రెండేళ్ల బీఈడీలో మొదటి బ్యాచ్. 2015కి ముందు అది ఒక్క ఏడాదే. కౌన్సెలింగ్ అప్పుడు ఒక కాలేజీ ఆఫీసులో కూర్చోబెట్టి, "రోజూ రానక్కర్లేదమ్మా, రికార్డులు మేమే రాయిస్తాం, పరీక్షలకు వస్తే చాలు" అన్నారు. నాకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఆ రెండేళ్లు ప్రైవేటు స్కూల్లో చేసుకుంటూ నాలుగు రూపాయలు సంపాదించొచ్చు కదా అనుకున్నాను. మా నాయన మామిడి తోట కాపలా కాసేవాడు, ఆయన చదివింది మూడో తరగతి. "కాయ మాగకుండానే మార్కెట్‌కు తోలేదా పాపా?" అన్నాడు. ఇంకో కాలేజీలో చేరాను. క్లాసులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలని ఎన్‌సీటీఈ నియమం. రెండేళ్లలో కలిపి 20 వారాలు స్కూల్లో గడపాలి, అందులో 16 వారాలు రెండో ఏడాదే. ఆ 20 వారాలు పోగొట్టుకున్న మనిషికి పట్టా వస్తుంది కానీ, డీఎస్సీలో మెథడాలజీ (పాఠం చెప్పే పద్ధతులు) మీద వచ్చే 40 ప్రశ్నలు పరాయి భాషలా కనపడతాయి.

నా ఇంటర్న్‌షిప్ నగరి దగ్గర ఒక హైస్కూల్లో. ఆ వైపు పిలకాయలు ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాలు నా పాఠం. లెసన్ ప్లాన్ నాలుగు పేజీలు రాసుకుని పోయాను. లక్ష్యాలు, స్పష్టీకరణలు, ఉపకరణాలు అన్నీ ఎర్ర ఇంకు, నీలం ఇంకుతో. ఉపకరణాల కింద లిట్మస్ కాగితాలు, ఫినాఫ్తలీన్ అని రాశాను. తీరా బీరువా తెరిస్తే ఫినాఫ్తలీన్ సీసా అడుగంటి ఉంది, లిట్మస్ కాగితాలు తేమకు రంగు మారిపోయి ఉన్నాయి. తర్వాతి పీరియడ్‌లోనే నా పాఠం. అటెండరు అవ్వ వంటగదిలోంచి పసుపు తెచ్చింది, వక్కాకు వేసుకునే తన సంచిలోంచి సున్నం డబ్బీ తీసిచ్చింది.

గ్లాసులో నీళ్లు పోసి పసుపు కలిపాను. దాంట్లో చిటికెడు సున్నం వేశాను. నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. "ఏం జరిగింది?" అని అడగబోయేలోపు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ఆరత్తి టీచర్! మా అమ్మ దిష్టి తీసేది!" అని గట్టిగా అరిచింది. క్లాసంతా నవ్వు. నా నాలుగు పేజీల ప్లాన్‌లో ఆ మాట లేదు. కానీ పాఠం అక్కడే మొదలైంది. ఇంటింటా దిష్టికి, పెళ్లికి పారాణికి చేసేది ఇదే కదా, సున్నం క్షారం కాబట్టి పసుపు ఎరుపెక్కింది అని చెప్పాను. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు వచ్చింది. అప్పుడు అదే అమ్మాయి, "మళ్లీ సున్నం వేస్తే?" అంది. వేశాను, ఎర్రబడింది. "ఎన్నిసార్లయినా మారతాదా టీచర్?" నా దగ్గర జవాబు లేదు. "రేపు చెప్తా" అని తప్పించుకున్నాను.

ఆ రాత్రి డిగ్రీ కెమిస్ట్రీ పుస్తకం తీసి చదివాను. పసుపులో ఉండే కుర్కుమిన్ క్షారం తగిలితే ప్రోటాన్ వదులుకుని రంగు మారుతుంది. ఆమ్లం తగిలితే ఆ ప్రోటాన్ తిరిగి అతుక్కుంటుంది. అది అటూ ఇటూ జరిగే చర్య. డిగ్రీలో మూడేళ్లు చదివిన సూచికల పాఠం నాకు అర్థమైంది ఆ రాత్రే. ఇంటర్న్‌షిప్‌లో మీరు చేయాల్సిన పని ఇదే. పిలకాయలు అడిగిన ప్రశ్నల్లో మీకు జవాబు తెలియనివి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నా దగ్గర అట్లాంటివి 61 ఉన్నాయి. డీఎస్సీలో కంటెంట్‌కు అంతకంటే మంచి నోట్సు నేను ఏ కోచింగ్‌లోనూ చూడలేదు.

చిన్న విషయాలు కూడా అక్కడే తెలుస్తాయి. కొత్త చాక్‌పీస్‌ను సగానికి విరిచి రాస్తే కీచుమనదు. బోర్డు మీద రాస్తూ బోర్డు వైపే చూసి మాట్లాడితే చివరి బెంచీకి వినపడదు. సూక్ష్మ బోధనలో (తోటివాళ్ల ముందు చిన్న పాఠం చెప్పి సరిదిద్దుకోవడం) ఒక చక్రం 36 నిమిషాలు అని పుస్తకంలో ఉంటుంది: చెప్పడం 6, ఫీడ్‌బ్యాక్ 6, ప్లాన్ తిరిగి రాయడం 12, మళ్లీ చెప్పడం 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్ 6. రికార్డు కాపీ కొట్టినవాళ్లు ఈ అంకెలు బట్టీ పడతారు. స్నేహితుల ముందు నిలబడి రెండుసార్లు చెప్పినవాళ్లకు ఆ 12 నిమిషాలు ఎంత తక్కువో గుర్తుంటుంది.

టెట్: పాస్ కాదు, మార్కులు

ఇక అసలు గొడవ. టెట్‌లో మనం రాయాల్సింది పేపర్ 2ఎ. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే పాస్. 2018లో నాకు 93 వచ్చాయి. పాసయ్యానని లడ్డూలు పంచాం ఇంట్లో.

స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు తుది మార్కులు 100. అందులో డీఎస్సీ పరీక్ష 80, టెట్ వెయిటేజీ 20. అంటే మీ టెట్ మార్కులను 150తో భాగించి 20తో గుణించాలి. నా 93కి 12.4 వచ్చింది. ఆ తర్వాత డీఎస్సీ బాగానే రాశాను. లిస్టు వచ్చిన రోజు నాకూ ఆఖరి పోస్టు తెచ్చుకున్న అమ్మాయికీ తేడా 0.4. ఒక టెట్ మార్కు విలువ దాదాపు 0.133. మూడు మార్కులైతే 0.4. అంటే నేను ఏడేళ్లు పోగొట్టుకున్నది మూడంటే మూడు టెట్ ప్రశ్నలకు. పాసయ్యాను కదా అని నేను అటక మీద పెట్టిన పుస్తకంలోనే ఉన్నాయి ఆ మూడూ.

2024 అక్టోబరులో మళ్లీ రాశాను. 127 వచ్చాయి, వెయిటేజీ 16.93. పాతదానికంటే నాలుగున్నర మార్కులు ఎక్కువ. డీఎస్సీలో ఒక ప్రశ్నకు అర మార్కు కాబట్టి, పరీక్ష హాల్లో అడుగు పెట్టకముందే తొమ్మిది ప్రశ్నలు సరిగ్గా రాసినట్టు. డీఎస్సీలో తొమ్మిది ప్రశ్నలు అదనంగా తెచ్చుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో రాసినవాళ్లకు తెలుసు. టెట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు, ఎక్కువ వచ్చిన మార్కే లెక్కలోకి తీసుకుంటారు. ఒకప్పుడు ఏడేళ్లే చెల్లేది, 2021 నుంచి జీవితాంతం చెల్లుతుంది. అందుకే మా చెల్లెలికి 81 చాలదన్నాను. 81కి వెయిటేజీ 10.8.

ఆ 150 ఎట్లా ఉంటాయంటే, శిశు వికాసం 30, తెలుగు 30, ఇంగ్లీషు 30, సబ్జెక్టు 60. సైన్స్ వాళ్లకు ఆ 60లో లెక్కలు, భౌతిక, జీవశాస్త్రాలు అన్నీ కలిసి ఉంటాయి. బయాలజీ పదో తరగతితో వదిలేసిన నాలాంటి వాళ్లు ఆరో తరగతి నుంచి మళ్లీ చదవాల్సిందే. తెలుగు 30 మార్కుల మీద సైన్స్ వాళ్లకు చిన్నచూపు ఉంటుంది. మాతృభాషే కదా అంటారు. సంధులు, సమాసాలు, అలంకారాలు, ఛందస్సు దగ్గరికొచ్చేసరికి బోర్లా పడతారు. నా మొదటి టెట్‌లో తెలుగులో 17. రెండోసారి రోజూ రాత్రి గిన్నెలు తోముకుంటూ మా అత్తతో గణాలు అప్పజెప్పించుకున్నాను. ఆమె ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న "యమాతారాజభానసలగం" ఇప్పటికీ తడబడకుండా చెప్తుంది. 26 వచ్చాయి.

శిశు వికాసం బట్టీ పడితే నిలవదు. పియాజె, కోల్‌బర్గ్, బ్రూనర్, గార్డ్‌నర్, స్కిన్నర్ పావురం, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ అని మనస్తత్వవేత్తల పేర్లు, వాళ్ల ప్రయోగాలు అన్నీ కలిసి పప్పులుసైపోతాయి. నాకు అది ఒక రోజు వంటింట్లో తెగింది. మా వాడికి అప్పుడు ఐదేళ్లు. రెండు స్టీలు గ్లాసుల్లో సమంగా మజ్జిగ పోసి, "ఏది ఎక్కువ?" అంటే "రెండూ ఒకటే" అన్నాడు. ఒక గ్లాసులోని మజ్జిగ వాడి కళ్ల ముందే సన్నటి పొడుగు గాజు గ్లాసులోకి వంచి, "ఇప్పుడు?" అన్నాను. వేలు పొడుగు గ్లాసు మీద పెట్టి, "ఇది నాది" అన్నాడు. మళ్లీ స్టీలు గ్లాసులోకి పోస్తే "ఒకటే". మళ్లీ పొడుగుదాంట్లోకి పోస్తే "నాది ఎక్కువ". మా అత్త "పిల్లోడితో ఆటలేంది, మజ్జిగ తాపీ" అని కసురుకుంది. నేను నవ్వుతూ నోట్సులో రాసుకున్నాను: పియాజె చెప్పిన పూర్వ ప్రచాలక దశ, 2 నుంచి 7 ఏళ్లు, పరిమాణ నిత్యత్వ భావన లేదు. మొన్న సంక్రాంతికి మళ్లీ అదే ఆట ఆడితే, "అమ్మా, నువ్వు ఇందులోంచి అందులోకి పోసింది నేను చూశాను కదా, అదెట్లా ఎక్కువైతాది?" అని నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఇంట్లో పిల్లలుంటే మీకు సైకాలజీ పుస్తకం ఎదురుగానే తిరుగుతుంటుంది. లేకపోతే పక్కింటి పిల్లలున్నారు.

డీఎస్సీ: ఆరో తరగతి పుస్తకం నుంచి

స్కూల్ అసిస్టెంట్ పరీక్షలో 160 ప్రశ్నలు, 80 మార్కులు, రెండున్నర గంటలు, కంప్యూటర్ మీద. కంటెంట్ 80 ప్రశ్నలు, మెథడాలజీ 40, జీకే, వర్తమానాంశాలు కలిపి 20, విద్యా దృక్పథాలు 10, సైకాలజీ 10. ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది, సమయం ఎక్కడ పెట్టాలో. అయినా పొద్దున లేవగానే గంటన్నర కరెంట్ అఫైర్స్ వీడియోలు చూసేవాళ్లే ఎక్కువ. 20 ప్రశ్నలకు పది మార్కులు. రోజుకు పది నిమిషాల పేపరు చాలు దానికి.

కంటెంట్ సిలబస్ 6 నుంచి 10 తరగతుల పాఠ్యపుస్తకాలు, లోతు ఇంటర్ దాకా. ఇక్కడ నేను మొదటిసారి చేసిన తప్పు చెప్తాను. డిగ్రీ చదివాం కదా, ఆరో తరగతి పుస్తకం ఏం చదువుతాం అని గైడ్లు కొన్నాను. గైడ్లలో ఉన్నవి ప్రశ్నలు, జవాబులు. పుస్తకంలో ఉండే పట్టిక, బొమ్మ కింద రాసిన వాక్యం, పక్కన పెట్టెలో ఇచ్చిన చిన్న విషయం, ప్రయోగంలో వాడిన పదార్థం ఇవేవీ వాటిలో ఉండవు. రెండోసారి గైడ్ ఒక్కటి కూడా కొనలేదు. మన రాష్ట్రంలో పెద్ద తరగతులు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు మారాయి, పదో తరగతి 2024-25లో మారింది. పాత పుస్తకాల మీద రాసిన నోట్సు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. కొత్త పుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు. ఇది మనకు పెద్ద వరం. నేను డిగ్రీ ఇంగ్లీషు మీడియం కాబట్టి రిఫ్రాక్టివ్ ఇండెక్స్ అంటే తెలుసు, వక్రీభవన గుణకం అంటే ఒక నిమిషం ఆగేదాన్ని. విశిష్టోష్ణం, నాభ్యంతరం లాంటి మాటలన్నిటికీ రెండు పక్కలా పెన్సిల్‌తో గీత కొట్టుకుంటూ చదివాను. రేపు క్లాసులోనూ అవే మాటలు కావాలి.

ఒక పాఠం చదవగానే పుస్తకం మూసి, దాని మీద నేనే ఇరవై ప్రశ్నలు రాసేదాన్ని. ప్రశ్న రాయడం కంటే, తప్పు జవాబులు మూడు రాయడం కష్టం. పిల్లవాడు ఎక్కడ పొరబడతాడో ఆలోచిస్తేనే నమ్మదగ్గ తప్పు జవాబు దొరుకుతుంది. ప్రైవేటు స్కూల్లో ఏడేళ్లు దిద్దిన పేపర్లు అక్కడ కలిసొచ్చాయి. ద్రవ్యరాశి, భారం రెండూ ఒకటే అని ఎంతమంది రాశారో, ఆ తప్పులన్నీ నా ఆప్షన్లయ్యాయి.

కోచింగ్‌కు అవనిగడ్డ పోవాలా, నంద్యాల పోవాలా, తిరుపతిలోనే చాలునా అని చాలామంది అడుగుతారు. బీఈడీ అప్పుడే అయిపోయి, ఇంటి బాధ్యతలు లేకుండా, ఒంటరిగా కూర్చుంటే చదువు సాగని వాళ్లకు నాలుగు నెలలు ఎక్కడికైనా పోయి రావడం మంచిదే. అక్కడ దొరికేది పాఠం కాదు, పక్కనవాళ్లు చదువుతుంటే పుట్టే భయం. నాకు ఆ వీలు లేదు. కొర్లగుంటలో అద్దె ఇల్లు, పొద్దున నాలుగున్నరకు లేచి ఆరున్నర దాకా చదువు, తర్వాత క్యారియర్లు, స్కూలు. ఒక సెంటర్‌లో నెల రోజులు వీకెండ్ బ్యాచ్‌కు పోయాను. మూడు వందల మందిలో మైకు పట్టుకుని పద్యంలా మెథడాలజీ చదివించారు. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. మాక్ టెస్టులు మాత్రం తప్పకుండా రాయండి, కంప్యూటర్ మీదే రాయండి. నేను మొదటి మాక్‌లో మౌస్‌తో కుస్తీ పడి పాతిక ప్రశ్నలు చూడనే లేదు. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది కాబట్టి మార్కులు నార్మలైజ్ చేస్తారు, అంటే పేపరు కష్టాన్ని బట్టి సమం చేస్తారు. మీ పేపరు సులువుగా వచ్చిందని సంబరపడొద్దు, కష్టంగా వచ్చిందని బయటికొచ్చి ఏడవొద్దు. ప్రాథమిక కీ వచ్చాక మీ జవాబు సరైనదని పాఠ్యపుస్తకం పేజీతో చూపగలిగితే అభ్యంతరం పెట్టండి, బద్ధకించొద్దు.

మన వైపు వాళ్లకు కాగితాల చిక్కు

ఇది ఎవరూ ముందుగా చెప్పరు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో ఎక్కువ భాగం లోకల్ వాళ్లకు. లోకల్ అంటే మీ ఆధార్‌లో ఉన్న ఊరు కాదు. పదో తరగతితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. అందుకే 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మనది సరిహద్దు. నగరి, సత్యవేడు వైపు పిల్లలు తిరుత్తణికో, చిత్తూరు వాళ్లు వేలూరుకో మేనమామ ఇంట్లో ఉండి చదివి వస్తారు. నాతోపాటు బీఈడీ చదివిన ఒకమ్మాయి పుట్టింది, పెరిగింది, కాపురం ఉన్నది అంతా మన జిల్లాలోనే. 7 నుంచి 10 దాకా మాత్రం అవతల చదివింది. నాన్ లోకల్ అయిపోయింది. ముందే తెలిస్తే ఓపెన్‌లో కొట్టేంత మార్కులకు గురి పెట్టుకునేదాన్ని అని ఇప్పటికీ అంటుంది.

ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చినా 2025 డీఎస్సీలో పోస్టులు పాత 13 జిల్లాల లెక్కనే ఇచ్చారు. సూళ్లూరుపేట, వెంకటగిరి వాళ్లు తిరుపతి జిల్లా అని చెప్పుకున్నా పాత నెల్లూరు కిందే. మనం కుప్పం నుంచి శ్రీకాళహస్తి దాకా ఒకే చిత్తూరు. తిరుపతిలో ఇల్లుంది కదా అని తిరుపతిలోనే పోస్టింగ్ వస్తుందనుకోకండి. మార్కులను బట్టి కౌన్సెలింగ్‌లో స్థలం దొరుకుతుంది. మా ఆయన ఇప్పటికీ శని, ఆదివారాలు బస్సులోనే గడుపుతున్నాడు.

పెళ్లయిన ఆడవాళ్లు ఇంటిపేరు విషయంలో జాగ్రత్త పడాలి. పదో తరగతి మెమోలో ఏ పేరుందో అప్లికేషన్‌లో అక్షరం మారకుండా అదే రాయండి. ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు వేయించుకుని ఉంటే నోటిఫికేషన్ రాకముందే సరిచేసుకోండి, వచ్చాక అందరూ అదే పని మీద పడతారు. కుల ధృవీకరణ, డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్, టెట్ మెమో అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. నేను స్టడీ సర్టిఫికెట్ కోసం మా ఊరి ప్రైమరీ స్కూలుకు మూడుసార్లు తిరిగాను. పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో నా పేరు దొరికింది కానీ నాయన పేరులో ఒక అక్షరం తక్కువ. హెడ్‌మాస్టరు సారు కళ్లజోడు సర్దుకుని, "నేనే రాశానమ్మా ఇది, అప్పుడు తొందరలో ఉన్నట్టున్నాను" అన్నారు.

మా చెల్లెలు నిన్న మళ్లీ మెసేజ్ పెట్టింది. "సరే అక్కా, రాస్తా. 127 తెచ్చిన నోట్సు పంపు" అంది. నోట్సు పంపలేదు. ఆరో తరగతి సైన్స్ పుస్తకం పీడీఎఫ్ పంపాను. ఇంకా తెరిచినట్టు లేదు.